ఏలూరు తాగునీటి గురించి పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఏలూరు జనం తాగే నీళ్ల కోసం ఇకమీదట ఏ ఫిల్టర్ ప్లాంటు కట్టినా, అందులో పురుగుమందుల్ని పట్టి ఆపే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

2020 డిసెంబరు 5న వన్‌టౌన్‌లో మొదలైన ఆ వింత జబ్బు మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లలు, పెద్దలు అని లేకుండా ఉన్నపళంగా కళ్లు తిరిగి పడిపోయారు, మూర్ఛలు వచ్చాయి. కొద్ది రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఒకరు చనిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది. ఆ తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ప్రభుత్వానికి చెప్పారు. అవి ఏ దారిన మనుషుల ఒంట్లోకి చేరాయన్నది మాత్రం ఊరి జనానికి ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. నీళ్ల వల్లే అని నేను అనడం లేదు. నీళ్ల వల్ల కాదని ఆ రోజే లెక్కలు చూపించి చెప్పగలిగి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు. శాంపిళ్లు హైదరాబాద్‌కీ ఢిల్లీకీ వెళ్లి, ఫలితాలు వచ్చేదాకా తల్లులు పిల్లలకి గ్లాసుడు నీళ్లివ్వాలన్నా భయపడ్డారు.

గోదావరి కాలువ, కృష్ణా కాలువ కలిసే ఊరు మాది. అది మా అదృష్టం. కానీ విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి నీళ్లు తాడేపల్లిగూడెం మీదుగా ఇక్కడికి వచ్చేసరికి ఎన్ని ఊళ్లు, ఎన్ని వరి పొలాలు దాటాలో మీకు తెలుసు. చేలో కొట్టిన మందు వానకి కొట్టుకుపోయి ఎక్కడో ఒకచోట నీళ్లలో కలుస్తుంది. మన ఫిల్టర్ బెడ్లు ఆ మందు కోసం కట్టినవి కావు. పటిక వేస్తే మట్టి అడుక్కి దిగుతుంది, ఇసుక పొరలు మిగిలిన నలుసుల్ని ఆపుతాయి, క్లోరిన్ క్రిముల్ని చంపుతుంది. కలరా రోజుల నుంచి లక్షల ప్రాణాలు కాపాడిన పద్ధతి ఇది, దాన్ని తక్కువ చేయను. కాకపోతే నీళ్లలో పూర్తిగా కరిగిపోయిన పురుగుమందు వీటిలో చాలావరకు ఆగదు. నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి, మందు అందులోనే ఉంటుంది.

దీన్ని ఆపడానికి ఇసుక ఫిల్టర్ తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ పొర, అంటే కరిగిన మందుల్ని తనకి అంటించుకుని పట్టి ఉంచే ప్రత్యేకమైన బొగ్గు పొర, వేయాలి. ప్రపంచంలో చాలా నగరాలు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే, కొత్త ప్రయోగమేమీ కాదు. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక చెరువుల్లో నిల్వ నీళ్లే తాగాలి కదా, అప్పుడు కూడా దాని అవసరం ఉంది. ఎండకి నాచు పెరిగి నీళ్లు వాసనొస్తాయి. అలాంటి నీళ్లలో క్లోరిన్ ఎక్కువ వేస్తే ట్రైహాలోమీథేన్లు అనే హానికరమైన పదార్థాలు తయారవుతాయి. కార్బన్ ఆ వాసననీ, ఆ పదార్థాలు పుట్టడానికి కారణమయ్యే మలినాలనీ తగ్గిస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కార్బన్ కొంతకాలానికి పట్టు కోల్పోతుంది. దాన్ని తీసి కొత్తది వేయాలి, లేదా కాల్చి మళ్లీ పనికొచ్చేలా చేయాలి. కట్టడానికి, పట్టణాల తాగునీటి కోసం కేంద్రం పెట్టిన అమృత్ 2.0 లాంటి పథకాల కింద డబ్బు అడగవచ్చు. ప్రారంభోత్సవం అయిన మూడో ఏడు కార్బన్ మార్చడానికి డబ్బు ఎక్కడిది? ఆ ఖర్చు టెండర్‌లోనే, ఏటేటా బడ్జెట్‌లోనే రాసిపెట్టండి. లేకపోతే కోట్లు పోసి కట్టిన గది తాళం వేసి ఉంటుంది, నీళ్లు దాన్ని తప్పించుకుని పైపులోకి వెళ్లిపోతాయి.

ప్లాంటు పక్కనే ల్యాబ్ కూడా కావాలి. పురుగుమందులకీ, సీసం, నికెల్ లాంటి లోహాలకీ మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పరిమితులు పెట్టింది. సీసమైతే లీటరుకి 0.01 మిల్లీగ్రామే. కాలువ నీళ్లనీ, శుద్ధి చేసిన నీళ్లనీ, వీధి చివరి కుళాయి నీళ్లనీ విడివిడిగా పరీక్షించి ఆ అంకెలు వార్డు సచివాలయం గోడ మీద అంటించాలి. చివరి కుళాయి ఎందుకంటే, 2018లో గుంటూరు ఆనందపేటలో తాగునీటి పైపులో మురుగు కలిసి ప్రాణాలే పోయాయి. ప్లాంటు ఎంత బాగున్నా మురుగు కాలవల్లో మునిగిన పాత పైపులు మార్చకపోతే ఫలితం లేదు.

ఒడిశాలోని పూరీలో 2021 నుంచి కుళాయి తిప్పి నేరుగా తాగే నీళ్లు ఇస్తున్నారు. అక్కడ స్వయం సహాయక సంఘాల మహిళలే జలసాథీలుగా ఇంటింటికీ వెళ్లి నీళ్లు పరీక్షిస్తారు. డ్వాక్రా ఉద్యమాన్ని ఇంత పెద్దది చేసిన రాష్ట్రం మనది, మన అక్కచెల్లెళ్లు ఆ పని చేయలేరా?

ఇప్పుడు డబ్బున్నవాళ్లు ఇంట్లో ఆర్వో పెట్టుకున్నారు, లేనివాళ్లు వాటర్ టిన్నులు కొంటున్నారు. ఆ టిన్ను కూడా కొనలేని కూలీ కుటుంబాలు కుళాయినే నమ్ముకున్నాయి. ఈ లేఖ ముఖ్యంగా వాళ్ల కోసం.

ఏలూరు వచ్చి కాలువ గట్టు మీద ఇంజనీర్లతో, జనంతో కలిసి ఒక పూట కూర్చోండి. కార్బన్ దశతో, ల్యాబ్‌తో, నిర్వహణ ఖర్చుతో సహా పూర్తి ప్రాజెక్టు రిపోర్టు ఎప్పటిలోగా సిద్ధమవుతుందో తేదీ చెప్పండి.

ఇట్లు,
ఏలూరు పౌరుడు