సోయాపై హెచ్చరికలు సరే, మోతాదు మాటేమిటి?

సంపాదకులకు,

ఆర్యా!

పాలు, పెరుగు, నెయ్యి, తేనెలతో సహా జంతువుల నుంచి వచ్చే ఆహారమంతా మానుకొని వీగన్ పద్ధతిలో తినేవారి గురించి ఇటీవల మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసం చాలావరకు బాగానే ఉన్నా, చివర పెట్టెకట్టి ఇచ్చిన హెచ్చరికలు మాత్రం నా చేత ఈ లేఖ రాయించాయి. సోయాలో ఆడవారి హార్మోను ఉంటుందనీ, మగపిల్లలకు పెట్టరాదనీ, థైరాయిడ్ ఉన్నవారు దాన్ని ముట్టుకోకూడదనీ, రొమ్ము క్యాన్సర్ భయం ఉందనీ అందులో రాశారు. ఎంత తింటే, ఏ రూపంలో తింటే, ఎన్నాళ్లు తింటే అన్నది ఒక్క చోటా లేదు. గుంటూరులోని ఒక మహిళా కళాశాలలో పోషకాహార శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదానిని కాబట్టి, మోతాదు చెప్పని హెచ్చరిక వల్ల ఇళ్లలో ఎంత గందరగోళం పుడుతుందో నాకు తెలుసు. వంటింటి మోతాదులో సోయా వీగన్లకు నిరపాయమైన ఆహారమే. వారు జాగ్రత్తపడవలసిన సంగతులు వేరే ఉన్నాయి. వాటికి మీ వ్యాసంలో రెండు వాక్యాలైనా దక్కలేదు.

హార్మోను విషయం ముందు చూద్దాం. సోయా గింజలో జెనిస్టీన్, డైడ్జీన్ వంటి ఐసోఫ్లావోన్లనే మొక్కల పదార్థాలు ఉంటాయి. వాటి నిర్మాణం ఆడవారి హార్మోనైన ఈస్ట్రోజెన్‌ను కొంత పోలి ఉంటుంది గనుక, శరీరంలో ఆ హార్మోను అతుక్కునే గ్రాహకాలకు ఇవి కూడా అతుక్కోగలవు. అంతమాత్రాన ఇవి ఈస్ట్రోజెన్ అయిపోవు. అసలు హార్మోనుతో పోలిస్తే వీటి బలం చాలా స్వల్పం. పైగా ఆ గ్రాహకాల్లో ఆల్ఫా, బీటా అని రెండు రకాలుండగా ఇవి ఎక్కువగా బీటా రకాన్నే ఆశ్రయిస్తాయి కాబట్టి, కొన్ని కణజాలాల్లో ఈస్ట్రోజెన్‌లా స్వల్పంగా పనిచేసినా మరికొన్నింటిలో దానికి అడ్డుగా నిలుస్తాయి. ఇలాంటి మొక్కల పదార్థాలపై భయం మొదట పుట్టింది సోయా వల్ల కాదు, గొర్రెల వల్ల. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డిని మేసిన గొర్రెలకు చూలు నిలవడం మానేసింది. ఆ గడ్డిలోని ఐసోఫ్లావోన్లే అందుకు కారణమని తర్వాత తేలింది. ఆ గొర్రెలు రోజంతా ఆ పచ్చికనే మేశాయన్నదీ, వాటి పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పదార్థాన్ని మరింత బలమైన రూపంలోకి మార్చాయన్నదీ ఈ కథ చెప్పేవారు సాధారణంగా చెప్పరు.

మగవారి సంగతికి వస్తే, అందరూ ఉదహరించేది 2008లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన ఒకే ఒక్క రోగి వివరం. అరవయ్యేళ్ల ఆ వ్యక్తికి ఛాతీ పెరిగి నొప్పి పుట్టింది. విచారిస్తే ఆయన రోజుకు దాదాపు 3 లీటర్ల సోయా పాలు తాగుతున్నాడని తెలిసింది. అవి మానేశాక నొప్పి తగ్గి, హార్మోను స్థాయి మామూలు స్థితికి వచ్చింది. రోజుకు 3 లీటర్ల గేదె పాలు తాగే మనిషిని కూడా మనం డాక్టరు దగ్గరికే తీసుకెళ్తాం గదా! ఆ తర్వాత 2021లో, మగవారిపై జరిగిన 41 పరిశోధనలను కలిపి లెక్కగట్టి చూసినప్పుడు, సోయా గానీ ఐసోఫ్లావోన్లు గానీ మగవారి హార్మోనైన టెస్టోస్టెరాన్‌ను తగ్గించడం గానీ, ఈస్ట్రోజెన్‌ను పెంచడం గానీ కనబడలేదు. కొడుక్కి మీల్ మేకర్ కూర పెట్టాలా వద్దా అని వెనుకాడే తల్లులకు మీ పెట్టెలో చెప్పవలసింది ఈ సంగతి.

రొమ్ము క్యాన్సర్ గురించి రాయడంలో ఇంకొంత నిదానం అవసరం. అండాశయాలు తొలగించి, కణితి నాటిన ఎలుకలకు జెనిస్టీన్ పెట్టినప్పుడు ఆ కణితి పెరిగిందన్నది నిజమే. అయితే ఎలుక శరీరం ఐసోఫ్లావోన్లను మనిషి శరీరంలాగా మార్చుకోదు. మనుషుల్లో చూస్తే, షాంఘైలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 5,042 మంది స్త్రీలను గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సోయా ఎక్కువ తిన్నవారిలో వ్యాధి తిరగబెట్టడమూ, మరణాలూ తక్కువగా కనిపించాయి. ఇది మనుషులను గమనించి చెప్పిన మాటే తప్ప మందులా ఇచ్చి పరీక్షించినది కాదు కనుక, సోయా క్యాన్సర్‌ను నయం చేస్తుందని ఎవరైనా రాస్తే దానినీ నేను ఒప్పుకోను. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ మాత్రం సోయా ఆహారం తినడం వల్ల ప్రమాదం లేదనే చెబుతున్నది. ఇక్కడ ఆహారాన్నీ మాత్రలనూ వేరుగా చూడాలి. ముట్లుడిగిన వయసులో వచ్చే వేడి ఆవిర్లకంటూ అమ్మే ఐసోఫ్లావోన్ మాత్రల్లో ఆ పదార్థాన్ని గాఢంగా నింపుతారు. క్యాన్సర్ చికిత్సలో ఉన్న స్త్రీలు వాటిని తమ వైద్యులను అడగకుండా వాడకూడదు.

ఇక థైరాయిడ్. ఈ ఒక్క విషయంలో మీ వ్యాసకర్త భయానికి కొంత ఆధారం ఉంది గానీ, ఆయన దాన్ని తలకిందులు చేసి చెప్పారు. 1950, 60లలో పాశ్చాత్య దేశాల్లో సోయా పిండితో చేసిన డబ్బాపాలు తాగిన కొందరు పసిపిల్లలకు గొంతు వాపు (గాయిటర్, అంటే థైరాయిడ్ గ్రంథి ఉబ్బడం) వచ్చింది. ఆ పొడిలో అయోడిన్ కలపడం మొదలుపెట్టాక ఆ సమస్య పోయింది. మన దేశంలో 2006 నుంచి అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడం నిషిద్ధం. రోజూ ఆ ఉప్పుతోనే వండుకు తినేవారి థైరాయిడ్‌ను సోయా పాడుచేస్తుందనడానికి తగిన ఆధారం లేదు. సైంధవ లవణం ఆరోగ్యమని మామూలు ఉప్పును పూర్తిగా మానేసిన వీగన్లు మాత్రం తమకు అయోడిన్ అందుతోందా అని ఆలోచించుకోవాలి.

అసలు చిక్కు థైరాయిడ్ లోటు ఉన్నవారు వేసుకునే థైరాక్సిన్ మాత్ర దగ్గర వస్తుంది. ఆ మాత్ర పేగుల్లో సరిగ్గా ఇంకకుండా సోయా అడ్డుపడుతుంది. మా బ్రాడీపేటలో ఒక ఇంటి కోడలు పాలు మానేసిన కొన్నాళ్లకు ఆమె టీఎస్‌హెచ్ (మాత్ర మోతాదు చాలడం లేదని రక్తపరీక్షలో చూపే అంకె) పెరిగిపోయింది. ఒక క్లినిక్‌లో ఆమెను ఏం తింటున్నావని అడిగారు గానీ ఎప్పుడు తింటున్నావని అడగలేదు. సోయా పూర్తిగా మానేయమని రాసి పంపారు. నేను వెళ్లి చూస్తే, మాత్రల సీసా కాఫీ ఫిల్టరు పక్కనే ఉంది. ఆమె పొద్దున్నే మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు కూడా తాగకుండా, సోయా పాలు కలిపిన కాఫీతోనే దాన్ని మింగుతోంది. మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట నుంచి గంట, సోయాకు మూడు నాలుగు గంటలు వ్యవధి ఇవ్వడం, తినే తీరు మారినప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించుకోవడం థైరాయిడ్ రోగికి చెప్పవలసిన మాటలు. గుంటూరులో ఈ మాత్ర వేసుకునే ఆడవారు లేని వీధి ఉండదు కనుక, ఇది చిన్న అక్షరాల్లో వేయవలసిన విషయం కాదు.

మన ప్రాంతంలో సోయా అంటే చాలామందికి మీల్ మేకరే. హాస్టల్ కూరల్లోనూ, పెళ్లి భోజనాల కుర్మాలోనూ తినని వారుండరు గానీ, అదెలా తయారవుతుందో తెలిసినవారు తక్కువ. సోయా గింజల నుంచి నూనె తీసేశాక మిగిలిన పిండిని వేడి, ఒత్తిడి మధ్య యంత్రంలో నెట్టి ఆ ఉండలు తీస్తారు. నూనె తీయడానికి హెక్సేన్ అనే ద్రావకం వాడతారని కొందరు భయపెడుతుంటారు. అది సుమారు 69 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి ఆవిరైపోతుంది, ఆ తర్వాత పిండి అంతకన్నా చాలా ఎక్కువ వేడిని చూస్తుంది. వంటకు ముందు వాటిని మరిగే ఉప్పునీళ్లలో వేసి, పావుగంటకు ఉబ్బాక రెండు మూడు నీళ్లు మార్చి, అరచేతుల మధ్య గట్టిగా పిండితే పసుపుపచ్చని నురుగు నీళ్లు దిగుతాయి. ఆ పని సరిగ్గా చేసిన ఇంట్లో కూరకు పచ్చివాసనా రాదు, తిన్నవారికి పొట్ట ఉబ్బరమూ అంతగా ఉండదు.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది పిండిమర దగ్గర కనబడుతోంది. బలమని చెప్పి గోధుమల్లో పచ్చి సోయా గింజలు కలిపి ఆడించుకుంటున్నారు. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణానికి అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి. అవి వేడికి నశిస్తాయి, కానీ పెనం మీద రెండు నిమిషాలు కాలే చపాతీకి ఆ వేడి చాలుతుందని నమ్మలేం. గింజలను రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, బాగా ఉడికించి వాడుకోవాలి. పిండిలోనే కలపదలిస్తే ముందు ఉడికించి ఎండబెట్టుకోవడం మేలు.

ఎంత తినవచ్చునన్న ప్రశ్నకు జవాబు కష్టమైనదేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 50 కిలోల స్త్రీకి సుమారు 42 గ్రాములు. వంద గ్రాముల ఎండు మీల్ మేకర్లో 50 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి కాబట్టి, గుప్పెడు, అంటే 30 గ్రాములు నానబెడితే 15 గ్రాములు వచ్చేస్తాయి. మిగతాది కందిపప్పు, మినుములు, పెసలు, శనగలు, అన్నం తామే సమకూరుస్తాయి. గుప్పెడు మీల్ మేకర్, లేదా గ్లాసు సోయా పాలు, లేదా వంద గ్రాముల టోఫు (సోయా పాలతో చేసే పనీరు లాంటిది) ఒక వడ్డన అనుకుంటే, రోజుకు రెండు మూడు వడ్డనలు జపాన్ వంటి దేశాల్లో తరతరాలుగా తింటున్న మోతాదుకు మరీ దూరంగా ఉండవు. పప్పుధాన్యాలు ఇన్ని పండే, ఇన్ని అమ్మే మన జిల్లాలో వీగన్ అయినంత మాత్రాన మూడు పూటలా సోయానే తినవలసిన అవసరమూ లేదు.

అసలు వెలితి పెరుగు గిన్నె దగ్గర మొదలవుతుంది. గోంగూర, పప్పు, పులుసు ఎన్ని తిన్నా చివర పెరుగన్నం లేకపోతే భోజనం ముగియని ఇళ్లు మనవి. శాకాహార కుటుంబాలకు బీ12 విటమిన్ అందించే దారి ఆ పాలూ పెరుగే. ఆ విటమిన్‌ను తయారు చేసేవి సూక్ష్మజీవులు. అది జంతువుల నుంచి వచ్చే ఆహారం ద్వారా మనకు చేరుతుంది గానీ ఏ ఆకుకూరలోనూ, ఏ పప్పులోనూ నమ్మదగినంత ఉండదు. పాలు తాగే శాకాహారుల్లోనే మన దేశంలో దీని లోటు తరచుగా కనిపిస్తోంది. అలాంటప్పుడు పాల స్థానంలో సోయా పాలు పెట్టుకున్నవారు, విడిగా కలిపి ఉంటే తప్ప సోయా పాలలో బీ12 ఉండదని తెలుసుకోకపోతే ఎలా? లివర్లో నిల్వ ఉండటం వల్ల లోటు వెంటనే బయటపడదు. కొన్నేళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, నిస్సత్తువ, మతిమరుపు మొదలవుతాయి. ఆకుకూరల్లోని ఫోలేటు రక్తహీనతను కప్పిపుచ్చడం వల్ల నరాలు దెబ్బతినేదాకా తెలియకపోవచ్చు కూడా. ఆ తిమ్మిర్లు చూసి కొందరు నింద సోయా మీద వేస్తారు. వీగన్లు బీ12 మాత్ర వేసుకోవడం ఐచ్ఛికం కాదు, తప్పనిసరి. దాన్ని సూక్ష్మజీవులతో పులియబెట్టే పద్ధతిలోనే తయారు చేస్తారు గనుక వారి నియమానికీ భంగం లేదు, కాకపోతే గొట్టం మాత్రల పైతొడుగు జంతువుల నుంచి తీసే జెలటిన్‌తో చేసిందో కాదో చూసుకోవాలి.

సున్నం (కాల్షియం) సంగతీ అంతే. ఇంట్లో తీసిన సోయా పాలలో గేదె పాలలో ఉన్నంత కాల్షియం ఉండదు. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. నువ్వులు, మునగాకు ఉన్నాయి. కాల్షియం లవణంతో తోడుపెట్టిన టోఫులోనూ దొరుకుతుంది. ఇవన్నీ మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేని తిండ్లే.

మనం తినే సోయా జన్యుమార్పిడి చేసినదేనా అని మీ వ్యాసకర్త అడిగిన ప్రశ్నకు ఒక మాట. మన దేశంలో జన్యుమార్పిడి సోయా సాగుకు అనుమతి లేదు. మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో పండేది మామూలు సోయాయే. 2021లో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్కను (నూనె తీశాక మిగిలిన పిండిని) దిగుమతి చేసుకోనిచ్చింది. అది వీగన్ల కోసం కాదు, కోళ్ల దాణా కోసం. సోయాకు భయపడి కోడిగుడ్డు తినేవారు ఈ సంగతిని తీరికగా ఆలోచించవచ్చు.

సోయా నిజంగా పడనివారు లేకపోలేదు. సోయా అలర్జీ ఉన్నవారు దాన్ని పూర్తిగా మానాలి. ప్యాకెట్ల మీద ఆ వివరం ముద్రించాలన్న నిబంధన ఉన్నది వారి కోసమే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత మాంసకృత్తు తినాలో వైద్యులనే అడగాలి. ఏడాది లోపు పసిబిడ్డకు తల్లిపాల బదులు మామూలు సోయా పాలు పట్టడం ప్రమాదకరం, తల్లిదండ్రులు ఎంత నిష్ఠగల వీగన్లయినా సరే.

కాబట్టి నా మనవి ఏమంటే, ఆ పెట్టెను సవరించి మళ్లీ ప్రచురించండి. లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలోనూ ఈ విషయం తెలిసినవారున్నారు. వారిలో ఒకరి చేత ప్రతి హెచ్చరిక పక్కనా ఎన్ని గ్రాములో, ఎవరికో రాయించండి. థైరాయిడ్ మాత్రకూ సోయాకూ మధ్య ఉండవలసిన వ్యవధిని, బీ12 మాత్ర అవసరాన్ని ఆ పెట్టెలో మొదటి రెండు వాక్యాలుగా వేయిస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పోషకాహార అధ్యాపకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.