సంతకానికి ముందు నిమిషాలు లెక్కపెట్టుకోండి

సంపాదకుల వారికి,

అమెరికాలో తెలుగు పిల్లల చదువు అనగానే పత్రికల్లో కనిపించేవి స్పెల్లింగ్ బీ బహుమతులు, పెద్ద యూనివర్సిటీ సీట్లు. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా, మాట ఆలస్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఏటా ఐఈపీ (ఆ పిల్లకు ఏ లక్ష్యాలు, ఎన్ని నిమిషాల సహాయం అని స్కూల్లో రాసుకునే ప్రణాళిక) మీటింగ్‌లో ఆరేడుగురు స్కూలు ఉద్యోగులకు ఎదురుగా కూర్చుని పడే అవస్థ మాత్రం అరుదుగా అచ్చవుతుంది. ఆ గదిలో మనవాళ్లు ఎక్కువగా రెండు రకాలు. ‘టీచరుతో వాదనేంటి’ అని చూపించిన చోటల్లా సంతకం పెట్టేవాళ్లు ఒకరు. అలా రెండేళ్లు పెట్టి పెట్టి, విసిగిపోయి, ఒక్కసారిగా లాయరు దగ్గరికి పరుగెత్తేవాళ్లు ఇంకొకరు. ఈ రెండింటికీ మధ్య ఖర్చు లేని దారి మీడియేషన్, అంటే మధ్యవర్తి సాయంతో స్కూలుతో రాజీ మాట్లాడుకోవడం. ఆ దారిలో మనవాళ్లు ఎక్కడ బోల్తా పడుతున్నారో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇలాంటి పిల్లల చదువు కోసం చేసిన 1975 నాటి ఫెడరల్ చట్టమే 1990 నుంచి ‘ఐడియా’ అనే పేరుతో నడుస్తోంది. స్కూలుకూ కుటుంబానికీ తగాదా వస్తే మీడియేషన్ ఏర్పాటు చేయడం ప్రతి రాష్ట్రానికీ 1997 సవరణతో తప్పనిసరైంది. 2004 సవరణ తర్వాత కేసు (డ్యూ ప్రాసెస్, అంటే నిష్పక్షపాత అధికారి ముందు జరిగే విచారణ) వేయకముందే దాన్ని అడగొచ్చు. అక్కడ రాసుకున్న ఒప్పందాన్ని కోర్టులో అమలు చేయించుకోవచ్చు. మధ్యవర్తి ఫీజు రాష్ట్రం కడుతుంది. ఆ మనిషి మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) ఉద్యోగి అయి ఉండకూడదు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే జరుగుతుంది కాబట్టి స్కూలు వద్దంటే అది ఉండదు. మీరు వద్దన్నా మీ ఇతర హక్కులేవీ పోవు.

మధ్యవర్తి అనగానే మనకు రచ్చబండ మీద తీర్పు చెప్పే పెద్దమనిషి గుర్తొస్తాడు. ఇక్కడ మధ్యవర్తి తీర్పు చెప్పడు, ఎవరిది తప్పో తేల్చడు. మొదట అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, తర్వాత చాలాసార్లు రెండు గదుల్లోకి పంపి, ఆ గదికీ ఈ గదికీ తిరుగుతూ మాట కలుపుతాడు. ‘మా బాధంతా విని న్యాయం చేస్తాడు’ అనుకుని వెళ్లినవాళ్లు తొలి గంట స్కూలు మీద ఫిర్యాదులకే ఖర్చు పెడతారు. సాయంత్రానికి అసలు విషయం సగంలో ఉంటుంది.

ఇంకో పెద్ద పొరపాటు ఒక మాటలో ఉంది. ‘మా బాబుకి బెస్ట్ కావాలి’ అంటారు. కన్నవాళ్ల నోట అది సహజమే, కానీ చట్టం ఇచ్చేది ఉత్తమమైన విద్య కాదు, తగిన విద్య. పిల్లవాడి సామర్థ్యాన్ని గరిష్ఠంగా పెంచే బాధ్యత స్కూలుది కాదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. 2017లో ఎండ్రూ అనే విద్యార్థి కేసులో మాత్రం, నామమాత్రపు ముందడుగు చాలదనీ, ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన పురోగతి సాధించేలా ఐఈపీ ఉండాలనీ తేల్చింది. కాబట్టి పట్టుకోవాల్సింది పురోగతి లెక్కల్ని. గత ఏడాది లక్ష్యం ‘10 ప్రశ్నల్లో 8కి జవాబు’ అనుకుందాం. నాలుగు ప్రోగ్రెస్ రిపోర్టుల్లోనూ 3 దగ్గరే ఆగి, ఈ ఏడు ఐఈపీలోనూ అదే లక్ష్యం, అవే నిమిషాలు రాసి ఉంటే మీ వాదన ఆ కాగితాల్లోనే ఉన్నట్టు. వాటిని వరసగా పేర్చి చూపించండి. గొంతు పెంచనక్కర్లేదు.

ఆ కాగితాలు ముందే చేతిలో ఉండాలి. రికార్డులు ఇవ్వమని ఈమెయిల్‌లో అడగండి. స్కూలు అనవసరంగా ఆలస్యం చేయకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకూడదు. స్కూలు చేసిన పరీక్ష తప్పనిపిస్తే, బయటి నిపుణుడితో స్కూలు ఖర్చు మీద మళ్లీ చేయించమని అడిగే హక్కుంది. అప్పుడు స్కూలు ఆ ఖర్చు భరించాలి, లేదా తమ పరీక్ష సరైందేనని నిరూపించుకోవడానికి తానే విచారణకు వెళ్లాలి. తెలుగు ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇంట్లో తెలుగే మాట్లాడే నాలుగేళ్ల పిల్లకు ఇంగ్లిష్‌లో మాత్రమే స్పీచ్ పరీక్ష పెట్టి ‘భాష వెనకబడింది’ అని రాసేస్తే, పిల్ల సొంత భాషలో పరీక్షించాలన్న నిబంధనను అడగండి. అది సాధ్యం కాదని స్కూలు అంటే ఎందుకు కాదో రాసిమ్మనండి. ‘ఇంట్లో తెలుగు మానేయండి’ అనే సలహా కూడా ఇంకా వినిపిస్తుంటుంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట మరింత వెనకబడుతుందని పరిశోధనలేవీ చూపలేదు. నానమ్మతో ఫోన్లో మాట్లాడే పిల్లను ఆపకండి.

ఇంగ్లిష్‌లో తడబడే తల్లిదండ్రులు దుబాసీని రాతపూర్వకంగా అడగాలి. ఐఈపీ మీటింగ్‌కు దుబాసీని ఏర్పాటు చేయడం స్కూలు బాధ్యతే. ఎనిమిదో తరగతి అక్కను తమ్ముడి మీటింగ్‌లో అనువాదకురాలిగా కూర్చోబెట్టడం ఆ పిల్లకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

మీడియేషన్ రోజున అన్నిటికన్నా ఎక్కువగా చెడేది ఒక్కచోట. సాయంత్రం నాలుగింటికి అంతా ఒక కొలిక్కి వస్తుంది. అప్పుడు అవతలివైపు నుంచి ‘మా డైరెక్టర్‌ని అడిగి చెప్తాం’ అంటారు. ఒప్పందం మీద సంతకం పెట్టే వ్యక్తికి డిస్ట్రిక్ట్‌ను కట్టిపడేసే అధికారం ఉండాలని చట్టమే అంటోంది. అలాంటి వారెవరు వస్తున్నారో వారం ముందే పేరుతో సహా ఈమెయిల్‌లో అడిగి పెట్టుకోండి.

ఇక ఒప్పందంలోని మాటలు. ‘విద్యార్థికి అవసరాన్ని బట్టి తగిన స్పీచ్ సహాయం అందించబడును’ అన్న వాక్యం విలువ సున్నా. ఎంత అవసరం, ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పటి నుంచి? రాయాల్సింది ఇలా: ‘స్పీచ్ థెరపిస్టు వారానికి 2 సార్లు, ఒక్కోసారి 30 నిమిషాలు, విడిగా, గుంపులో కాకుండా, ఆగస్టు 25 నుంచి’. పోయిన సెషన్లకు బదులుగా గంటలు ఇస్తామంటే ఎన్ని గంటలు, ఎవరు ఇస్తారు, ఎక్కడ, ఏ తేదీలోగా వాడుకోవాలి అన్నవి పడాలి. ఆ చివరి తేదీని చూడకుండా సంతకం పెడితే, వేసవిలో మీరు ఇండియా వెళ్లి వచ్చేసరికి ఆ గంటలు మురిగిపోతాయి. ‘ఈ తేదీ వరకు ఉన్న ఫిర్యాదులన్నీ వదులుకుంటున్నాము’ అన్న పేరా దాదాపు ఎప్పుడూ చివరి పేజీలోనే ఉంటుంది. అందులో ఇకముందు వచ్చే ఫిర్యాదుల్ని కూడా కలిపేస్తే ఒప్పుకోకండి.

కేసు వేశాక స్కూలూ తల్లిదండ్రులూ రాజీకి కూర్చునే రిజల్యూషన్ మీటింగ్‌లో రాసుకున్న ఒప్పందాన్ని 3 పనిదినాల్లో వెనక్కి తీసుకోవచ్చు. మీడియేషన్ ఒప్పందానికి ఫెడరల్ చట్టంలో ఆ వెసులుబాటు లేదు. సంతకం పెట్టారంటే అంతే. ఆకలేసి, అలిసిపోయి, ఐదున్నరకు సంతకం చేయకండి. ఇంకో సిట్టింగ్ అడగండి.

అక్కడ మాట్లాడిన మాటలు తర్వాత విచారణలో గానీ కోర్టులో గానీ సాక్ష్యంగా పనికిరావు. అందుకే స్కూలు కూడా కాస్త మనసు విప్పుతుంది. మరి గడువులు? డ్యూ ప్రాసెస్ విచారణ కోరడానికి ఫెడరల్ గడువు రెండేళ్లు. కొన్ని రాష్ట్రాల్లో అది వేరు. మీడియేషన్ నడుస్తోంది కదా అని ఆ గడియారం తనంతట తాను ఆగదు. పిల్లవాడిని ఇప్పుడున్న క్లాసులోనే ఉంచే ‘స్టే పుట్’ రక్షణ కూడా ఫెడరల్ నిబంధన ప్రకారం డ్యూ ప్రాసెస్ కోరితేనే వస్తుంది, ఒట్టి మీడియేషన్‌తో రాదు. స్కూలు వచ్చే సోమవారమే పిల్లవాడిని వేరే క్యాంపస్‌కు మారుస్తామంటే ఈ తేడా ప్రాణసంకటం.

అన్ని తగాదాలకూ మీడియేషన్ మందు కాదు. ఐఈపీలో 60 నిమిషాలు రాసి 30 ఇస్తున్నారంటే బేరమాడటానికి అక్కడేముంది? రాష్ట్ర విద్యాశాఖకు రాతపూర్వక ఫిర్యాదు పెట్టండి. తప్పు జరిగిన ఏడాదిలోగా పెట్టాలి, మామూలుగా వాళ్లు 60 రోజుల్లో తేల్చాలి, లాయరు అక్కర్లేదు. టెక్సస్‌లో అయితే, అక్కడ ‘ఆర్డ్’ అని పిలిచే ఐఈపీ మీటింగ్‌లో ఒప్పందం కుదరకపోతే మామూలుగా 10 స్కూలు రోజులకు మించకుండా వాయిదా వేసి మళ్లీ కూర్చునే అవకాశం ఒకసారి ఇవ్వాలి. ముందు అది వాడుకోండి. హెచ్-1బీ మీద ఉన్నాం, గొడవ పెట్టుకుంటే వీసాకేమవుతుందో అని భయపడేవాళ్లకు ఒక్కటే మాట: ఈ చట్టంలోని హక్కులకూ తల్లిదండ్రుల వీసాకూ సంబంధం లేదు.

సంతకాలయ్యాక అందరూ మరిచేది ఇంకొకటి. ఒప్పందం డిస్ట్రిక్ట్ ఆఫీసు ఫైల్లోకి వెళ్తుంది; క్లాసులో టీచరు చేతిలో ఉండేది పాత ఐఈపీ. ‘10 స్కూలు రోజుల్లోగా ఐఈపీని దీనికి అనుగుణంగా మారుస్తాం’ అన్న వాక్యం ఒప్పందంలోనే రాయించండి. ఆరు వారాలయ్యాక స్పీచ్ థెరపిస్టు సర్వీస్ లాగ్ (ఏ రోజు ఎంతసేపు సహాయం ఇచ్చారో రాసే పట్టిక) అడగండి. ఆరు వారాలకు 12 సెషన్లు ఉండాలి. 9 కనిపిస్తే మిగతా మూడూ ఎందుకు పోయాయో, ఎప్పుడు ఇస్తారో అదే రోజు ఈమెయిల్ పెట్టండి.

ఇట్లు,
ప్రత్యేక విద్యలో పనిచేసే ఇద్దరు తెలుగు టీచర్లు,
ఉత్తర టెక్సస్