ఆ రోజు కూలి వదులుకుని నా చుట్టూ కూర్చున్న హమాలీ ముఠాకి

నేను పదహారేళ్లుగా లారీ నడుపుతున్నాను. సొంత బండే, ఫైనాన్స్ మాత్రం ఇంకా తీరలేదు. నాకు రాయడం అలవాటు లేదు, వాట్సాప్‌లో వాయిస్ పెట్టడమే. కానీ ఇది వాయిస్‌లో చెప్పబోతే రెండుసార్లూ మధ్యలో గొంతు పట్టేసింది. అందుకే రాస్తున్నాను. ఎడమ చేతికే కట్టు, కుడి చెయ్యి బాగానే ఉంది.

మొన్న ఏప్రిల్‌లో మాచర్ల వైపు నుంచి 350 టిక్కీల, అంటే బస్తాల, మిరప లోడుతో గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి వచ్చాను. ఒక్కో టిక్కీ 40 కిలోల పైమాటే. ఆ నెలల్లో అక్కడ లారీలు ఎలా బారులు తీరతాయో తెలిసినవాళ్లకు తెలుసు. రాత్రి పదింటికి వరుసలో పెడితే పొద్దున తొమ్మిదికి గానీ ప్లాట్‌ఫారం దగ్గరికి రాలేదు. కంటి మీద కునుకు లేదు. మధ్యాహ్నానికి ఇంకో కిరాయి ఒప్పుకుని ఉన్నాను.

దారిలో గుంతలకి లోడు ఎడమ పక్కకి ఒరిగింది. నేను చూశాను కూడా. ముఠా వాళ్లు టీ తాగి వచ్చేలోపు మోకులు నేనే విప్పేస్తే పావుగంట కలిసొస్తుందని, ఒరిగిన పక్కే నిలబడి ముడి లాగాను. ఒరిగిన లోడుని పట్టి ఉంచేది ఆ మోకు ఒక్కటే. అది వదలగానే పై వరుసలోంచి నాలుగు టిక్కీలు జారాయి. ఒకటి సరిగ్గా నా ఎడమ భుజం మీద పడింది. వెనక్కి పడిపోతూ ప్లాట్‌ఫారం అంచుకి నడుం కొట్టుకుంది. ఇంకో టిక్కీ పడి పక్కనే పగిలింది. పాలిటెక్నిక్ చదివే మా వాడు ఆసుపత్రిలో కూర్చుని లెక్క కట్టాడు. భుజానికి ఏడడుగుల పైనుంచి పడితే తగిలేటప్పటికి గంటకి 23 కిలోమీటర్ల వేగం ఉంటుందట. ఎవరో 40 కిలోల మూటతో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి గుద్దినట్టు అన్నమాట. ఈ లెక్క నాకు ముందు తెలిసినా అప్పుడు ఆగేవాణ్ని కాదేమో, నిజం చెప్పాలంటే.

కింద పడ్డాక కాళ్లు నావి కానట్టు తిమ్మిరెక్కాయి. చుట్టూ మిరప దుమ్ము. దగ్గు వస్తే పక్కటెముకల్లో కత్తి దిగినట్టుంది, దగ్గకుండా ఉండలేను. అప్పటికే నలుగురు పరిగెత్తుకొచ్చి, ఇద్దరు చేతులూ ఇద్దరు కాళ్లూ పట్టుకున్నారు. ఆటోలో వేద్దామని వాళ్ల తాపత్రయం. నేనైనా అదే చేసేవాణ్ని.

అప్పుడు వినబడింది ముఠా మేస్త్రి బాబాయ్ కేక. "ఒరేయ్, ఎత్తొద్దు! వదలండి ముందు!"

పేరు రాయొద్దన్నారు కాబట్టి బాబాయ్ అనే అంటాను. అరవై దాటాయి. వంద కిలోల బియ్యం బస్తాలు మోసిన కాలం మనిషి, మెడ వెనక బస్తా రాసుకుని కాయ కాసిన చర్మం. ఆయన నా తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రెండు చెవుల పక్కన రెండు అరచేతులు ఆనించి పట్టుకున్నారు. "అబ్బాయ్, తల తిప్పమాక. అవునన్నా కాదన్నా నోటితోనే చెప్పు, తల ఊపమాక" అన్నారు. వెనకటికి తన జట్టులో ఒకతను పైనుంచి పడితే అందరూ కలిసి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారట. అతను మళ్లీ నడవలేదు. ఆ సంగతి ఆయన నాకు ఆ రోజు చెప్పలేదు, నెల తర్వాత చెప్పారు.

ఇంతలో మా క్లీనర్ కుర్రాడు బెదిరిపోయి, నాకు గాలి ఆడాలని బండి ముందుకి తీద్దామని క్యాబిన్ ఎక్కి స్టార్ట్ చేశాడు. నా కాలు వెనక టైరుకి జానెడు దూరంలో ఉంది. ముఠాలో ఇంకో అన్న ఒక్క దూకున క్యాబిన్ ఎక్కి ఇంజను ఆపి, తాళం లాగేసి బొడ్లో దోపుకున్నాడు. ఆ కుర్రాణ్ని ఎవరూ తిట్టలేదు, మంచినీళ్లు ఇచ్చి ఓ పక్కన కూర్చోబెట్టారు. ఆ అన్నకి ఒక దండం. నా కాలు దక్కడమే కాదు, జీవితాంతం మోయాల్సిన భారం ఆ కుర్రాడికి తప్పింది.

తొడిమలు తీసే పనికి వచ్చిన ఒకమ్మ నా కళ్లు తుడిచింది. ఆమె చేతులకి పొద్దుటి నుంచి మిరప ఘాటే. అందుకని వేలు తగలకుండా కొంగు కొసని బిందెలో ముంచి, పిండకుండా, కంటి కొసన నీళ్లు జారేలా పట్టుకుంది. "కళ్లు ఆర్పు నాయనా, ఆర్పు" అంటూనే ఉంది. నొప్పిలో కూడా ఆ చల్లదనం గుర్తుంది. ఆమె ఎవరో కనుక్కోలేకపోయాను. సీజను పనికి వచ్చిన వాళ్లు అప్పటికే ఊళ్లకి వెళ్లిపోయారు. ఎవరైనా ఈ ముక్క ఆమెకి చదివి వినిపిస్తే చాలు.

108 వచ్చేదాకా ఎండ పడకుండా నలుగురు నా బండి లోడు మీద కప్పే పట్టానే పట్టుకుని నిలబడ్డారు. వచ్చిన అబ్బాయి మెడకి పట్టీ బిగించి, మధ్యకి విడిపోయే స్ట్రెచర్‌ని చెరో సగం చెరో పక్క నుంచి నా కిందకి జరిపి కలిపేశాడు. నన్ను ఎత్తినట్టే తెలియలేదు. "తల ఎవరు పట్టుకున్నారు? మంచి పని చేశారు" అన్నాడు. బాబాయ్ ఏమీ అనలేదు. చేతులు తిమ్మిరెక్కి మడవడానికి రావట్లేదు ఆయనకి.

కాలర్ బోన్ విరిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి, నడుములో ఒక పూస పగిలింది. పూస పగిలింది గానీ జరగలేదు, అందుకే నరం బతికిందని డాక్టరు గారు ఫిల్మ్ పైకెత్తి చూపించారు. కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఉంటే ఏమయ్యేదని మా ఆవిడ అడిగితే, ఆ మాట ఇప్పుడెందుకమ్మా అన్నారు. ఆరు వారాలు మంచం మీదే ఉన్నాను. ఇప్పుడు నడుముకి బెల్టు పెట్టుకుని నడుస్తున్నాను.

అసలు నేను చెప్పాల్సింది ఇది. ముఠాకి కూలి టిక్కీ లెక్కన. ఎన్ని దించితే అంతే. ఆ పొద్దున పన్నెండు మంది దాదాపు మూడు గంటలు టిక్కీ ముట్టలేదు. వెనక లారీలవాళ్లు హారన్లు కొడుతున్నా కదల్లేదట. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం 1976లోనే మన దగ్గర ఒక చట్టం వచ్చిందని ఆసుపత్రికి చూడ్డానికి వచ్చిన యూనియన్ పెద్దాయన చెప్పారు. ఉండొచ్చు. ఆ మూడు గంటల కూలి మాత్రం వాళ్లకి ఎవరూ ఇవ్వలేదు. పైగా సాయంత్రం నా లోడంతా దించి, బండిని పక్కన పెట్టించి, మోకులు చుట్ట చుట్టి, పట్టా మడిచి లోపల పెట్టి, తాళం మా బావమరిదికి అప్పజెప్పారు. డీజిల్ చుక్క కూడా తగ్గలేదు.

పోయిన వారం గుంటూరు వెళ్లి ఆ కూలి లెక్క కట్టి బాబాయ్ చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. "నీకు లోడు విప్పడం చేతకాదు, అది నేర్చుకుని పో" అని లారీ దగ్గరికి తీసుకెళ్లారు. మోకు ముట్టుకునే ముందు బండి చుట్టూ తిరిగి పైకి చూడాలి. ఒరిగిన పక్క కుక్కపిల్ల కూడా ఉండకూడదు. ముడి ఎదుటి పక్క నుంచే విప్పాలి. దించేటప్పుడు పైనుంచి మెట్లు మెట్లుగా తియ్యాలి తప్ప కిందవి లాగి గోడలా నిలబెట్టకూడదు. పదహారేళ్ల సర్వీసు ఉన్నవాణ్ని, నోరు మూసుకుని విన్నాను. ఇప్పుడు అక్కడ పద్ధతి మార్చారట. బండి ప్లాట్‌ఫారానికి ఆనగానే తాళం మేస్త్రి బొడ్లోకి వెళ్తుంది, ఖాళీ అయ్యాకే డ్రైవరు చేతికి వస్తుంది. కొందరు డ్రైవర్లు సణుగుతున్నారు. సణగనీండి.

డబ్బు వద్దన్నారు గానీ ఒకటి అడిగారు. వెనక టైర్ల కింద ఇటుక ముక్కలు పెడుతుంటే నలిగిపోతున్నాయి, గట్టి చెక్క దిమ్మెలు రెండు చేయించి ఇమ్మన్నారు. మా ఊరి వడ్రంగికి తుమ్మ మొద్దు ఇచ్చాను. రెండు కాదు, నాలుగు చెప్పాను, చేత్తో పట్టుకోవడానికి తాడు పిడులతో సహా. వచ్చే ఆదివారం బస్సులో తెస్తున్నాను బాబాయ్. బండి నడపడానికి డాక్టరు గారు ఇంకా ఒప్పుకోలేదు.