సాగు ఒకరిది, సంతకం ఇంకొకరిది

సంపాదకుల వారికి,

సార్వా (ఖరీఫ్) నాట్లు మొదలయ్యాయంటే మా కోనసీమ ఊళ్లలో కౌలు కార్డుల హడావుడి కూడా మొదలవుతుంది. పొలం సాగు చేసేది ఫలానా కౌలు రైతని సర్కారు ఇచ్చే గుర్తింపే ఈ కార్డు. కార్డు ఇస్తామంటే కౌలు రైతులు రైతు సేవా కేంద్రానికి వెళ్తారు. చాలామంది ఉత్త చేతులతో తిరిగొస్తారు. అడ్డం పడేది భూయజమాని సంతకం.

2011 నాటి చట్టంలో రుణ అర్హత కార్డుకి ఈ సంతకం తప్పనిసరి కాదు. దాని స్థానంలో తెచ్చిన 2019 పంట సాగుదారు హక్కుల చట్టం మాత్రం యజమాని ఒప్పుకుంటేనే కార్డు అంది. ఆ కార్డు చెల్లేది 11 నెలలు. దీనివల్ల యజమాని హక్కుకి ఏ ఢోకా లేదని చట్టంలోనే రాశారు. ఏం లాభం, కౌలుదారుడు పొలం మీద హక్కు అడుగుతాడేమోనన్న 1956 కౌలు చట్టం నాటి భయం ఆసాములకి (భూయజమానులకి) ఇంకా పోలేదు.

మొన్న మా పక్కింటి కౌలు రైతు హైదరాబాద్‌లో ఉండే తన ఆసామికి నా ఎదురుగానే ఫోన్ చేశాడు. "సంతకాలూ గింతకాలూ నా దగ్గర పెట్టొద్దు. ఇష్టమైతే చెయ్యి, లేదంటే చేపల చెరువుకి అడుగుతున్నారు, ఇచ్చేస్తా" అన్నాడాయన. ఇతను "ఆయ్, అలాగేనండి" అని పెట్టేశాడు. ఇంకేమంటాడు?

పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు భూమి పేరున ఉన్న కుటుంబానికే, కార్డున్నా కౌలు రైతుకి రాదు. అది చిన్న సంగతి. అసలు దెబ్బ అప్పు దగ్గర. 3 లక్షల లోపు పంట రుణం గడువులో కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది. అది యజమాని ఎప్పుడో తీసుకుని ఉంటాడు. తంటాలు పడి కార్డు తెచ్చుకున్నవాడు బ్యాంకుకి వెళ్తే, "ఈ సర్వే నంబరు మీద ఇప్పటికే లోనుంది" అంటారు. మేనేజర్ని అనీ లాభం లేదు, ఒకే పొలానికి రెండు అప్పులు ఎలా ఇస్తాడు? ఇక మిగిలింది ఎరువుల కొట్టు, కమీషన్ ఏజెంటు. నూటికి నెలకి రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. పైగా ధాన్యం వాళ్లకే తోలాలి, వాళ్లు చెప్పిన రేటుకి. గట్టు మీద కాలు పెట్టనివాడికి 4, బురదలో దిగినవాడికి 24!

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి కోతకొచ్చిన చేలు నీళ్లలో పడిపోయాయి. తుపాను వచ్చిందని మక్తా బస్తాలు, అంటే ఆసామికి కౌలు కింద కొలవాల్సిన ధాన్యం, తగ్గవు. పరిహారమేమో ఎవరి పేరు నమోదైతే వాళ్ల ఖాతాలో పడుతుంది. పిలిచి ఇచ్చే ఆసాములూ ఉన్నారు, ఆ మాట చెప్పకపోతే తప్పు. కానీ సర్కారు సాయం అందాలంటే ఆసామి మంచివాడై ఉండాలా?

ఎవరు సాగు చేస్తున్నారో తెలియక కాదు. ఏ పొలంలో ఏ పంట ఉందో రాసుకునే ఈ-పంట నమోదుకి సిబ్బంది పొలానికే వచ్చి ఫొటో తీస్తారు. ఏ చేను ఎవరిదో వీఆర్వోకీ తెలుసు, ఎరువుల కొట్టు గుమస్తాకీ తెలుసు. గ్రామసభలో పేర్లు చదివి, అభ్యంతరాలకి వారం గడువిచ్చి, సంతకం లేకుండానే కార్డు ఇవ్వవచ్చు. అందుకు 2019 చట్టం మార్చాలి. పంట రుణం భూమిని బట్టి కాకుండా ఆ పంట వేసినవాడిని బట్టి ఇవ్వమని బ్యాంకులకీ చెప్పాలి. వచ్చే సార్వాకి ఆకుమడులు పోసేలోగా ఈ పని జరిగేలా మా డెల్టా శాసనసభ్యులు పార్టీలకి అతీతంగా అసెంబ్లీలో అడగాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, ముమ్మిడివరం మండలం