వార్షిక నివేదిక: లాడ్జీలు, హోటళ్ల సిబ్బందికి శిక్షణ, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం.

రక్తదాన శిబిరం, వేసవి చలివేంద్రం, ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చులు కోశాధికారి లెక్కల్లో చూడగలరు. ఈ ఏడాది మన సంఘం ఎక్కువ శ్రమ పెట్టింది సభ్యుల లాడ్జీలు, టిఫిన్ సెంటర్లలో పనిచేసేవాళ్ల శిక్షణ మీద కాబట్టి, మిగతా నివేదికంతా దాని గురించే.

వచ్చినవాళ్లలో చాలామంది బడి మానేసి ఏళ్లయినవాళ్లు. పనిలో అనుభవం మాత్రం మనకంటే ఎక్కువ. అలాంటివాళ్లను వరుసగా కూర్చోబెట్టి పాఠం చెబితే తల ఊపి వెళ్లిపోతారు. పెద్దల చదువు మీద ఎంతో పనిచేసిన అమెరికన్ విద్యావేత్త మాల్కమ్ నోల్స్ చెప్పింది కూడా ఇదే: ఎందుకు నేర్చుకోవాలో పెద్దలకు ముందు తెలియాలి, వాళ్ల అనుభవానికి విలువ ఉండాలి, నేర్చుకున్నది వెంటనే పనికి రావాలి. అందుకే ప్రతి క్లాసునూ వాళ్ల ఇబ్బందులు అడగడంతోనే మొదలుపెట్టాం. హౌస్‌కీపింగ్ అక్కలు బాత్రూమ్ కడిగేటప్పుడు వచ్చే ఘాటు, దగ్గు గురించి చెప్పారు. తొందరగా తెల్లబడాలని బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ కలిపేస్తున్నారట! అలా కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. కలపొద్దని గోడ మీద ఎప్పటినుంచో రాసే ఉంది. కారణం తెలిశాకే, రెండింటినీ వేర్వేరు చోట్ల పెడదామని వాళ్లే అన్నారు.

చేతిపని నేర్పడానికి, రెండో ప్రపంచ యుద్ధం నాడు అమెరికా ఫ్యాక్టరీల్లో కొత్త కార్మికుల కోసం వాడిన పద్ధతినే తీసుకున్నాం. మనిషిని సిద్ధం చేయాలి, చేసి చూపాలి, అతనితో చేయించాలి, తర్వాత పని దగ్గరికి వెళ్లి చూడాలి. మంటలార్పే సిలిండర్ విషయంలో దీని విలువ తెలిసింది. చూసినంతసేపూ అందరూ తెలుసన్నారు. చేతికిస్తే చాలామంది పిన్ తీయడమే మరిచారు, మంట మొదలు వదిలేసి పైభాగానికి గురిపెట్టారు. చేస్తున్నది పైకి చెబుతూ రెండోసారి చేశాక గురి కుదిరింది. ఇలాంటివి ఆన్‌లైన్‌లో నేర్పలేం.

నైట్ షిఫ్ట్ రిసెప్షన్ వాళ్లకు జూమ్ పెట్టాం. ఉచిత మీటింగ్ 40 నిమిషాలకే ఆగిపోవడం ఒకరకంగా మేలైంది, మన వక్తలు కూడా అక్కడే ఆగారు. కానీ కెమెరాలన్నీ ఆఫ్. అవతల చెక్-ఇన్‌లు నడుస్తూనే ఉన్నాయి. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లో ఆ వివరాలు అధికారులకు పంపాలన్నలాంటి నిబంధనలకు, సందేహాలకు అది సరిపోయింది. అంతకంటే వాట్సాప్ చిన్న వీడియోలు బాగా పనిచేశాయి. వీడియో పంపి, కొన్నాళ్లకు దాని మీదే ఓ ప్రశ్న అడిగేవాళ్లం. నేర్చుకున్నది ఎంత త్వరగా మరిచిపోతామో జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసుకుని చూపాడు. అర్థం లేని అక్షరాల జాబితాలు కంఠస్థం చేస్తే గంటకే సగానికి పైగా పోయాయి. మళ్లీ చదివించడం కంటే గుర్తు తెచ్చుకోమని అడగడమే ఎక్కువ నిలుస్తుంది. కొన్ని జవాబులు ఇంట్లో పిల్లలు టైప్ చేసినవని చూడగానే తెలిసిపోయేది, తర్వాత వాయిస్ మెసేజ్‌లే అడిగాం. సొంత ఫోన్ లేని అక్కలకు టీ టైమ్‌లో సూపర్‌వైజర్ ఫోన్‌లో చూపించారు.

ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ 'చాలా బాగుంది' అనే రాశారు. ఆ రోజు భోజనం కూడా బాగుంది మరి. శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలని అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో పాటిస్తున్నారా, సంస్థకు ఫలితం వచ్చిందా. మూడో మెట్టు తెలియాలంటే లాడ్జీకి వెళ్లి చూడాలి. బ్రహ్మోత్సవాల రద్దీలో అది సాగలేదు. శిక్షణకు వచ్చిన రోజు జీతం కోసిన సభ్యులూ ఉన్నారు. పేర్లు రాయడం లేదు గానీ, ఇది మానుకోవాలి.

వచ్చే ఏడాది ఫంక్షన్ హాలు అద్దె తగ్గించి, ఆ డబ్బుతో ప్రతి వీధిలో ఒకరిద్దరు సీనియర్ సిబ్బందికి భత్యమిచ్చి వాళ్లతోనే నేర్పించాలని, నెల తర్వాత వాళ్లే వెళ్లి చూసి రావాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో దీనిపై ఓటింగ్ ఉంటుంది. అలాంటి సీనియర్లు మీ దగ్గర ఉంటే, వాళ్లను అడిగి ఒప్పించాకే పేర్లు కార్యదర్శికి ఇవ్వండి.