చెల్లెల్ని ఇంక తిట్టొద్దమ్మా

లెస్టర్, ఇంగ్లండ్,
ఫిబ్రవరి నెల

అమ్మకు,

ఇక్కడ మేమంతా బాగున్నాం. నాయన మోకాలి నొప్పి తగ్గిందని విని నెమ్మది పడ్డాను. ఈ వారం మా బడికి సెలవులు, తీరిగ్గా రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో అడ్డొస్తావు.

‘ఊరి పిల్లలకంతా చదువు చెబుతుంది, సొంత బిడ్డ హోంవర్కు మాత్రం చూడదు’ అన్నావే చెల్లెల్ని, ఆ మాట నాకు నచ్చలేదు. నువ్వూ టీచరుగా చేసి రిటైరైన మనిషివే. కానీ నువ్వు బడి నుంచి వచ్చేసరికి అవ్వ మాకు తల దువ్వి, తిండి పెట్టి, ఎక్కాలు కూడా అప్పజెప్పించుకునేది. చెల్లెలికి ఇంట్లో ఎవరున్నారు?

తెల్లారగానే తిరుపతిలో బస్సెక్కి పూతలపట్టు దాకా పోవాలి. పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక అని బడికి ముందూ తర్వాతా స్టడీ అవర్లు. పాఠాలు చెప్పాక ఫోన్ పని మొదలు. హాజరు, మధ్యాహ్న భోజనం, అన్నీ యాప్‌లోకి ఎక్కాలి. ఎక్కకపోతే రాత్రి వాట్సాప్ గ్రూపులో పేరు వస్తుంది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులు టీచర్లకు చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో ఉంది. యాప్‌లొస్తాయని అప్పుడెవరు అనుకున్నారు!

నేనేదో సుఖపడుతున్నాననుకోకు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడి టీచరు ఏడాదికి 195 రోజులు, 1,265 గంటలు పనిచేయాలని నిబంధన. అవసరమైతే అదనపు గంటలు కూడా చేయాలని అందులోనే ఉంటుంది. నోటు పుస్తకాలన్నీ దిద్దేది ఆ అదనపు గంటల్లోనే. అయితే పాఠం చెప్పే సమయంలో కనీసం పదో వంతు మా ప్రిపరేషన్‌కు వదిలేస్తారు, అప్పుడు వేరే క్లాసుకు పంపరు. చెల్లెలికి లీజర్ పీరియడ్ ఉన్నా, ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసుకు పోవాల్సిందే. ఇంకో సంగతి, వారంలో సగం రోజులు మీ పెద్దల్లుడే వంట చేస్తాడు. ఈ రెండూ లేకుంటే నేనూ పిల్లాడి మీద అరుస్తూ ఉండేదాన్నే.

చెల్లెలికి బిడ్డను చూసుకోవడానికి ఇచ్చే చైల్డ్ కేర్ లీవు ఉంది. 2022లో 180 రోజులకు పెంచారు, విడతలుగా వాడుకోవచ్చు. అడిగితే స్టాఫ్‌రూమ్‌లో ఏమనుకుంటారోనని దానికి మొహమాటం. పరీక్షలయ్యాక బిడ్డ కోసం కొన్నాళ్ళు పెట్టుకోమని నువ్వు చెబితే దానికి ధైర్యం వస్తుంది. నేను చెబితే ‘నీకేం, అక్కడున్నావు’ అంటుంది.

మార్చిలో పదో తరగతి పరీక్షలప్పుడు తిరుపతిలో దానింట్లో ఉండు. నాయన చిత్తూరులో కొన్నాళ్ళు ఒక్కడే ఉండగలడు. కానీ వంటంతా నీ నెత్తిన వేసుకోవద్దు. చిన్నల్లుడికి నువ్వంటే గౌరవం, నువ్వు చెబితే కాదనడు. సంగటి గెలకడం అతనికి నేర్పు. గడ్డలు కట్టినా ఏమీ అనకుండా తినండి.

నీ పెద్దకూతురు