దత్తత కుటుంబాల సంఘం, హైదరాబాద్: వార్షిక నివేదిక 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ప్రతి నెలా రెండో ఆదివారం జరిగే సమావేశాలు ఆగకుండా నడిచాయి. నవంబరులో దత్తత అవగాహన మాసం సందర్భంగా కుటుంబాలన్నీ పిల్లలతో కలిసి ఒక రోజంతా గడిపాయి. కొత్తగా కారా (దేశంలో దత్తతలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకున్న దంపతులకు పత్రాల విషయంలో, హోమ్ స్టడీకి (సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి చేసే పరిశీలనకు) సిద్ధం కావడంలో తోడున్నాం. జమాఖర్చుల పట్టిక విడిగా మీకు అందుతుంది. ఈ నివేదికలో ఎక్కువ భాగం మాత్రం ఒకే పని గురించి రాస్తున్నాను. మన పిల్లలకు, మన ఇళ్లకు పనికొచ్చే థెరపిస్టును ఎలా వెతుక్కోవాలన్న ప్రశ్న ఈ ఏడాది దాదాపు ప్రతి సమావేశంలోనూ వచ్చింది. కార్యవర్గం కూడా ఎక్కువ శ్రమ దానిమీదే పెట్టింది.

తల్లిదండ్రులు ఫోన్ చేసేసరికే ఇంట్లో పరిస్థితి చాలా దూరం వచ్చేసి ఉంటోంది. పాప దిండు కింద బిస్కెట్లు, చపాతీలు దాస్తోంది. బాబు నాన్నతో బాగానే ఉంటాడు గానీ అమ్మ దగ్గరికొస్తే కొడుతున్నాడు. స్కూల్లో ‘ఫ్యామిలీ ట్రీ’ గీయమన్నప్పటి నుంచి పిల్ల నోరు విప్పడం లేదు. ఇలాంటివే ఎక్కువ. అప్పటికే ఎవరో చెప్పిన క్లినిక్‌కు వెళ్లి వచ్చి ఉంటారు. అక్కడ పిల్లను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, ముప్పావు గంట మాట్లాడి, ‘ఏడీహెచ్‌డీ’ (ఏకాగ్రత కుదరని, అతి చురుకుదనపు సమస్య) అని కాగితం మీద రాసిచ్చారని చెప్పిన కుటుంబాలున్నాయి. ఇంటికి రాకముందు పిల్ల ఎక్కడ పెరిగిందని ఆ గదిలో ఎవరూ అడగలేదు. ఇంకొక చోట అడిగారు గానీ, దత్తత సంగతి ఇంకా తెలియని బాబు ముందే అడిగేశారు. ఆ తల్లి పడ్డ బాధ ఆ నెల సమావేశంలో ఉన్న మనందరికీ తెలుసు.

ఏడీహెచ్‌డీ నిజంగానే ఉండొచ్చు, ఉంటే దానికి వైద్యం కావాలి. కానీ శిశుగృహలో మూడు షిఫ్టుల్లో మారే ఆయాల చేతుల్లో పెరిగిన పిల్ల కుదురుగా కూర్చోకపోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. భయంతో నిత్యం అప్రమత్తంగా ఉండే పిల్లలు చూసేవాళ్లకు అల్లరివాళ్లలాగే కనిపిస్తారు. రొమేనియా అనాథాశ్రమాల నుంచి బ్రిటన్‌కు దత్తత వెళ్లిన పిల్లలను బాలల మానసిక వైద్యుడు మైకేల్ రట్టర్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. ఆరు నెలల లోపు వయసులో ఇల్లు చేరిన పిల్లలు చాలావరకు తోటి పిల్లలతో సమానంగా ఎదిగారు. అంతకంటే ఎక్కువ కాలం అక్కడ ఉన్నవారిలో చాలామందికి ఇబ్బందులు పెద్దయ్యాక కూడా మిగిలాయి, కొందరికి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. అందుకే మొదటి ఆరు నెలలు, మొదటి రెండేళ్లు ఎలా గడిచాయో అడగకుండా మన పిల్లల గురించి ఏదీ తేల్చకూడదని మా గట్టి అభిప్రాయం. మీ దగ్గరున్న మెడికల్ ఎగ్జామినేషన్ రిపోర్టును, చైల్డ్ స్టడీ రిపోర్టును (పిల్ల నేపథ్యం రాసిన నివేదికను) మొదటిసారి వెళ్లినప్పుడే తీసుకెళ్లండి. వాటిని చదవడానికి పది నిమిషాలు కేటాయించని వారి దగ్గర ఆగాల్సిన పని లేదు.

ఇక అర్హతల సంగతి. సైకియాట్రిస్ట్ అంటే వైద్యుడు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు నంబరు ఉంటుంది. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం కొద్ది వారాల కోర్సు చేసినవారి తలుపు మీద కూడా కనిపిస్తోంది. వారిలో ఎంతో ఓపికగా పనిచేసే మంచివారూ ఉన్నారు, అయినా చదువు, శిక్షణ ఎక్కడని అడగడంలో మొహమాటం వద్దు. పని వచ్చినవారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

సభ్యులు తమ అనుభవాలు చెప్పగా, మొదటి ఫోన్ కాల్‌లోనే తేల్చుకోదగ్గ విషయాలు కొన్ని బయటపడ్డాయి. అన్నిటికంటే ముందు, తల్లిదండ్రులను సెషన్లలో కూర్చోబెడతారా అని అడగండి. చిన్నపిల్లల విషయంలో ఇది చాలా ముఖ్యం. వారానికి ఒక గంట కనిపించే మనిషి మీద మన పిల్లకు నమ్మకం కుదిరినా, ఇంట్లో అమ్మానాన్నల మీద కుదరకపోతే ఫలితం లేదు. దత్తత కుటుంబాలతో ఇంతకుముందు పనిచేశారా అని అడగండి. పనిచేయలేదని చెబితే అది పెద్ద లోపమేమీ కాదు, ‘లేదు, నేర్చుకుంటాను’ అన్నవారి దగ్గర మన సభ్యుల్లో ఇద్దరు ముగ్గురికి చాలా మేలు జరిగింది. ‘దత్తత పిల్లలంతా ఇంతేనండీ’ అన్నవారి దగ్గర ఎవరికీ జరగలేదు. లెక్కల్లో మార్కులు తగ్గినా, తమ్ముడితో గొడవపడినా అన్నిటినీ దత్తతకే ముడిపెట్టేవారు, అసలు దాని ఊసే ఎత్తనివారు, ఇద్దరూ మనకు సరిపోరు. పిల్లతో ‘నువ్వు ఎంత అదృష్టవంతురాలివో, మీ అమ్మానాన్నలకు రుణపడి ఉండాలి’ అని ఎవరైనా అంటే మాత్రం రెండో సెషన్‌కు వెళ్లకండి. చుట్టాల నోట ఆ మాట పిల్ల ఎలాగూ వింటూనే ఉంటుంది. కన్నతల్లి గురించి దుఃఖపడటానికి తనకొక చోటు కావాలి.

ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు వెళ్లలేను. ‘అటాచ్‌మెంట్ థెరపీ’ పేరుతో పిల్లను బలవంతంగా అదిమిపట్టుకోవడం, దుప్పట్లలో చుట్టడం, లొంగేదాకా తిండి విషయంలో కట్టడి చేయడం వంటివి ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. 2000లో అమెరికాలోని కొలరాడోలో ‘రీబర్తింగ్’ (మళ్లీ పుట్టినట్టు చేయించడం) అనే సెషన్‌లో పదేళ్ల దత్తపుత్రిక ఊపిరాడక చనిపోయింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం దాన్ని చట్టం చేసి నిషేధించింది. ఇంటర్నెట్‌లో ఆ పద్ధతులను మెచ్చుకునే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. బిడ్డతో బంధం కలపడానికి సున్నితమైన పద్ధతులు చాలా ఉన్నాయి: ఆటతో, ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపించడంతో, రోజూ ఒకే వేళకు ఒకేలా జరిగే పనులతో. పిల్ల భయపడుతుంటే అది వైద్యం కాదు.

భాష గురించి మనం తగినంత ఆలోచించలేదనిపిస్తుంది. నగరంలో చాలా క్లినిక్‌లలో సెషన్ ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది. ఒడిశా నుంచో మహారాష్ట్ర నుంచో ఐదారేళ్ల వయసులో వచ్చిన పిల్ల ఇంకా తెలుగే కూడబలుక్కుంటూ ఉంటుంది. ఇంట్లో నానమ్మకు ఇంగ్లిష్ రాదు. పిల్లను రోజంతా చూసుకునేది, ‘ఎవరి పోలికో ఏమో’ అని పైకే అనేసేది కూడా ఒక్కోసారి ఆమే. అందుకే తెలుగులో మాట్లాడగలిగి, పెద్దవాళ్లను కూడా ఒకసారి పిలిచి కూర్చోబెట్టే థెరపిస్టులను విడిగా గుర్తిస్తున్నాం. ఒక ఇంట్లో అలా పిలిచాక నానమ్మగారే స్కూలుకు వెళ్లి ఫ్యామిలీ ట్రీ విషయం టీచరుతో మాట్లాడి వచ్చారు. మాకు ఎంతో సంతోషమేసింది.

డబ్బు పెద్ద టెన్షనే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు శారీరక అనారోగ్యంతో సమానంగా మానసిక అనారోగ్యానికీ బీమా ఇవ్వాలి. అయితే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే చెల్లిస్తాయి, వారం వారం కౌన్సెలింగ్‌కు ఇవ్వవు. మీ పాలసీలో ఓపీ కవర్ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి బీమా) ఉందో లేదో చూసుకోండి. దత్తత తీసుకున్నాక రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి జరిగే ఫాలో-అప్‌ను ‘వచ్చి చూసి వెళ్లారు’ అన్నట్టు చాలామంది దాటేస్తున్నారు. ఇంట్లో బాగాలేదని చెబితే పిల్లను వెనక్కి తీసుకుంటారేమోనన్న భయం దీనికి కారణం. సర్దుబాటులో ఇబ్బంది ఉంటే దత్తత ఏజెన్సీ గానీ జిల్లా బాలల సంరక్షణ విభాగం గానీ కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలని 2022 దత్తత నిబంధనల్లోనే ఉంది. నోరు తెరిచి అడగండి, మేము తోడు వస్తాం. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లోని బాలల విభాగం తక్కువ ఖర్చుతో చూస్తాయి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలున్న ఇళ్లది వేరే అవసరం. తమ మూలాలు (కన్నవారు, పుట్టిన చోటు) వెతకాలని పిల్లలు అడుగుతున్నారు. పద్దెనిమిది నిండాక వారే దరఖాస్తు చేసుకోవచ్చు, అంతకుముందైతే తల్లిదండ్రులతో కలిసి చేయాలి. ఏ సమాచారం దొరుకుతుందో, ఏది దొరకదో తెలియని స్థితిలో పిల్లను సిద్ధం చేయగల థెరపిస్టు ఈ వయసులో ఎంతో అవసరం. అలాంటివారు మేము తయారుచేసిన థెరపిస్టుల పట్టికలో ఇంకా చాలా తక్కువ.

ఆ పట్టిక ఇప్పుడు సభ్యులకు అందుబాటులో ఉంది. అందులో ఉన్న ప్రతి పేరూ కనీసం ఒక సభ్య కుటుంబం స్వయంగా వెళ్లి చూసి చెప్పినదే. ఎవరి దగ్గరా డబ్బు తీసుకుని పేరు చేర్చలేదు, చేర్చం. వరంగల్, కర్నూలు, రాజమండ్రి వైపు నుంచి పేర్లు దాదాపు లేవు. అక్కడి సభ్యులు తెలిసినవారి వివరాలు పంపాలి.

సర్వసభ్య సమావేశం ముందు కార్యవర్గం రెండు ప్రతిపాదనలు పెడుతోంది. మొదటిది, ఖర్చు భరించలేని కుటుంబాలకు తొలి నాలుగు సెషన్ల ఫీజులో సగం సంఘం నిధి నుంచి ఇవ్వడం. సాయం పొందిన కుటుంబం పేరు కోశాధికారికి తప్ప ఎవరికీ తెలియనివ్వం. రెండోది, థెరపిస్టులనే పిలిచి మన పెద్ద పిల్లలు, తల్లిదండ్రులు వారికి దత్తత గురించి చెప్పే ఒక రోజు కార్యక్రమం. మాట్లాడటానికి ఇష్టపడే పెద్ద పిల్లలు తమంతట తామే పేరు ఇవ్వాలి, తల్లిదండ్రులు వారి తరఫున ఇవ్వవద్దు. రెండు ప్రతిపాదనల మీదా చేతులెత్తి ఓటింగ్ ఉంటుంది. రాలేనివారు తమ అభిప్రాయాన్ని ముందుగానే రాసి పంపవచ్చు.

కార్యదర్శి